మా యమ్మాయి విమానము

విమానములను గూర్చి వ్రాయుటకు నీకేమి యధికారమని సోదరీమణులు నన్నడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. నేను చిలమత్తూరులో కాపురము చేసికొనుచున్న దానను. వేరుసెనగ విత్తి వానకై యెదురుచూచుట, పట్టుపురుగులకు మల్బరీ యాకు కోయించుట, ఇంటిల్లిపాదికి వండిపెట్టుట, ఇవి నాకు తెలిసిన విద్యలు. అయినను రెండేండ్లనుండి మా యింట విమానముల మాట రాని దినము లేదు. ఆ మాట పెరిగి పెరిగి, మాకున్న ఆరెకరముల పొలమును అమ్మవలెనా, నిలుపుకొనవలెనా యనునంతవరకు వచ్చినది. కావున నేనును ఆ విద్యను కొంత నేర్చుకొనక తప్పలేదు. నేర్చుకొన్నంత మట్టుకు ఇచట వ్రాయుచున్నాను.

మా యూరు లేపాక్షికి దగ్గర. రావణుడు రెక్కలు నరుకగా జటాయువు పడిన చోటు అదియేయనియు, శ్రీరాముడు "లే, పక్షీ" యని పలుకుటచేత దానికా పేరు వచ్చినదనియు మా ప్రాంతమున పసిబిడ్డలు సయితము చెప్పుదురు. మా యమ్మాయి చిన్ననాట ఆ కథ విన్నప్పుడెల్ల, "ఒక్క రెక్కే తెగి ఉంటే ఎగిరేదా అమ్మా?" అని యడిగెడిది. నాకు సమాధానము తెలియదు. 2008లో దేవనహళ్ళి విమానాశ్రయము తెరువబడిన పిమ్మట, రాత్రివేళ మా మిద్దెపై పండుకొన్నచో దీపములు మిణుకుమనుచు దక్షిణమునకు సాగు విమానములు కనబడుచుండెను. పిల్ల వానిని లెక్కపెట్టుచు నిద్రపోయెడిది.

ఇంటరు చదువునాటికి మా మరిది తన పాత కంప్యూటరు నొకదానిని పిల్లకిచ్చెను. అందులో విమానము నడపు సాధనమొకటి చేరినది. దానిని ఆట యనిన మా యమ్మాయికి కోపము, సిమ్యులేటరు అనవలెనట. ఎక్స్-ప్లేన్ అని దాని పేరు. అమెరికాలో ఆస్టిన్ మేయర్ అనునతడు కల్పింపగా 1995లో వెలువడినది. ఇతరులు చేసిన విమానములను నడపుటయే గాక, దానిలో మనమే యొక విమానమును గీసికొని యెగురవేయవచ్చును. మనము వంకాయను చక్రములుగా తరిగినట్లు ఆ సాధనము రెక్కను పలు ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కపై గాలి యెంత త్రోయునో లెక్కించి, అన్నింటిని కూడి, విమాన మెటు కదలవలెనో నిర్ణయించును. ఇట్లు ఒక్క క్షణములో ఎన్నియో మారులు లెక్కించునట.

మా యమ్మాయి ఒక వేసవియంతయు కూర్చుండి అట్టి విమానమొకటి గీసెను. దానికి జటాయువని పేరు పెట్టెను. నలుగురు కూర్చుండదగినది, పొడవైన రెక్కలు, తోకకడ రెండు ఇంజనులు. అది పుట్టపర్తిలో లేచి, లేపాక్షిని చుట్టి, దేవనహళ్ళిలో దిగెడిది. నేనును వంటపని ముగించుకొని ప్రక్కన కూర్చుండి చూచెడిదానను. కుదుపు లేదు, తూలు లేదు. ఉయ్యాలలోని బిడ్డవలె సుఖముగా సాగిపోయెడిది. కన్నతల్లిని గదా, నాకును గర్వముగనే యుండెను.

ఇంటరు పరీక్షల ఫలితములు వచ్చిన నాడు పిల్ల మా యెదుట నిలిచి, "అమ్మా, విమానం నడపడం నాకు వచ్చేసింది. ఇక లైసెన్సు ఒక్కటే తక్కువ" అనినది. జీతమునకు విమానము నడపు లైసెన్సునకు పదునెనిమిదేండ్ల వయస్సును, ఇంటరులో గణిత భౌతిక శాస్త్రములును, 200 గంటలు నిజమైన విమానమును నడపిన అనుభవమును ఉండవలెను. ఆ 200 గంటల వ్యయము ఇంచుమించు మా పొలము వెల. మా వారు ఆ రాత్రి అన్నము సరిగా తినలేదు. "బోరు ఎండితే ఇంకోటి వేసుకోవచ్చు. భూమి పోతే మళ్ళీ రాదు" అని మాత్రమనిరి. మా అత్తగారు, "ఆడపిల్లకు ఆకాశమెందుకే?" అనిరి. దానికి పిల్ల, 1936లోనే సరళా ఠక్రాల్ అను నామె ఇరువది యొక్క యేండ్ల వయస్సున చీర కట్టుకొని విమానము నడపెననియు, నేడు మన దేశపు పైలట్లలో స్త్రీల వంతు ప్రపంచపు సగటుకంటె చాల హెచ్చనియు చెప్పి అవ్వ నోరు మూయించెను. ఆ వాద మంతటితో ముగిసినది.

నన్ను పీడించిన సందేహము వేరు. పిల్లకు విమానము నడపుట నిజముగా వచ్చినదా, లేక వచ్చినదని తోచుచున్నదా? ఈ రెంటి నడుమ భేదమునకు మా ఆరెకరములు పందెముగా నున్నవి. ఆ భేదము తెలిసికొనుట యెట్లు?

ఆ సమయమున మా పెదనాన్నగారి కుమారుడు మా యింటికి వచ్చెను. ఆయన బెంగుళూరిలో విమానములు చేయు కర్మాగారమున ముప్పది యేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసికొనినవాడు. పిల్ల ఉత్సాహముతో జటాయువును యెగురవేసి చూపినది. ఆయన మాటలాడక చివరవరకు చూచి, "చాలా బాగుంది పాపా. మూడు మాటలు అడుగుతాను, చెప్తావా?" అనెను.

"దీని బరువెంత?"

"ఖాళీగా నాలుగు వందల కిలోలు, మామా."

"ఎవరు తూచారు?"

పిల్ల నవ్వి, "ఎవరూ తూచలేదు. నేనే వ్రాశాను" అనినది. అప్పుడాయన చెప్పెను: లోకమున ఎందరో నేర్చుకొను సెస్నా 172 అను విమానమునకు ఉన్నది ఒక్క ఇంజనే, అదియు నలుగురినే మోయును, అయినను ఖాళీగా 700 కిలోలకు మించి తూగును. రెండు ఇంజనులు గల జటాయువు నాలుగు వందలకే యెట్లు తూగును? కంప్యూటరు ఆ ప్రశ్న వేయదు. వ్రాసిన అంకెను వ్రాసినట్లు నమ్మి లెక్క సాగించును.

రెండవ ప్రశ్న గరిమనాభిని గూర్చినది. రోకలిని అడ్డముగా ఒక వ్రేలిపై నిలుపబోయినచో ఏ తావున ఒరగక నిలుచునో అదియే దాని గరిమనాభి. విమానమునకును అట్టి తావు గలదు. అది రెక్కల యొద్ద తగిన హద్దులో నుండవలెను. వెనుకకు జరిగినచో విమానము ముక్కు పైకెత్తి, మాట వినక, కూలిపోవును. "ఇంజన్లు తోక దగ్గర పెట్టావు. కాని బరువు మధ్యస్థానం ముందర వ్రాశావు. ఇంజన్ల బరువు ముందుకెట్లా నడిచి వచ్చింది పాపా?" అని ఆయన యడిగెను. ముందు వ్రాసినప్పుడే విమానము సరిగా నెగిరినది గనుక అట్లు వ్రాసితినని పిల్ల మెల్లగా చెప్పినది.

మూడవ ప్రశ్నకు మా మిద్దెయే సాక్ష్యము. "బయట ఎండ ఎంత?" అనెను. నలువది డిగ్రీలు. "నీ కంప్యూటర్లో?" పిల్ల చూచెను. పదునైదు డిగ్రీలు, సాధనము మొదటనే పెట్టియుంచిన అంకె. దానిని మార్చవలెనని ఆమెకు తోచనేలేదు. వేడిగాలి పలుచనిది, రెక్కకు పట్టు తక్కువ, ఇంజనునకు శక్తి తక్కువ. పుట్టపర్తి విమానాశ్రయము సముద్రమునకు సుమారు 475 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడ నలువది డిగ్రీల యెండ కాసినప్పుడు, విమానమునకు మాత్రము తాను దాదాపు 1,500 మీటర్ల కొండపైనుండి లేచుచున్నట్లుండును. ఆయన బరువును సరిదిద్ది, ఎండను నలువదికి పెంచి, మరల యెగురవేయుమనెను. అంతవరకు రన్వేలో కొంచెము పరుగెత్తి ఎగిరిపోవు జటాయువు, ఆ దినము పరుగెత్తి పరుగెత్తి, రన్వే చివర కష్టముమీద కాళ్ళు నేల విడిచినది. పిమ్మట గరిమనాభిని ఇంజను లున్నచోటికి తగినట్లు వెనుకకు జరుపగా, నేల విడిచినంతనే ముక్కెత్తి వెల్లకిల పడినది.

పిల్ల కన్నులలో నీరు తిరిగినది. నాకును కష్టముగనే యుండెను. కాని విషయ మర్థమైనది. కాగితముపై వ్రాసిన వంట ఎన్నడును మాడదు. ఆ వంటను పొయ్యిమీద పెట్టినప్పుడే కట్టె తడిదియో, గిన్నె పలుచనిదియో, ఉప్పు మిక్కిలియో తెలియును.

మా యన్న అంతటితో విడువలేదు. ఆ సాయంకాలము థర్మోకోలు పలకలు కోసి చిన్న జటాయువును చేయించెను. తోకకడ ఇంజనులకు బదులు రెండు చిన్న బ్యాటరీ సెల్లులు కట్టించి, మిద్దెపైనుండి విడువుమనెను. అది ఒక్క బారెడు పోయి, ముక్కెత్తి, ఒక క్షణము నిలిచి, తోక క్రిందుగా పశువులపాకపై పడెను. అప్పుడాయన నన్ను గోధుమపిండి ముద్ద యడిగెను. దానిని కొంచెము కొంచెముగా ముక్కునకు అంటించుచు పిల్ల విడుచుచుండెను. ఆరవమారు విమానము నెమ్మదిగా జారుచు వేపచెట్టు దాటి వీథిలో దిగెను. వీథిలోని పిల్లలందరు కేకలు వేసిరి. ఆయన ఆ పిండిముద్దను తీసి, నా వంటయింటి కాటాలో పెట్టి, రెండవసారి రెక్కలను పెట్టి తూచి చూపెను. ముద్దయే రెక్కలకంటె బరువు! తోకకడ ఇంజను పెట్టినందుకు విమానము మోయవలసిన వ్యర్థభారమంత. పిల్ల ఏమియు పలుకక లోనికి పోయి, ఇంజనులను చెరిపి ముందుకు గీసెను.

రాత్రి భోజనములైన పిమ్మట, "అట్లయిన ఆ కంప్యూటరు విద్య యంతయు వ్యర్థమేనా, అన్నా?" అని నేనడిగితిని. నిజము చెప్పుటకు, వ్యర్థమే యనిన బాగుండునని నాకుండెను. ఆయన కాదనెను. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునతని తండ్రికి వాద్యముల కర్మాగారముండెనట. హార్మోనియములో వలె గాలి నింపు తిత్తులను తీసికొని, ఆయన 1920వ దశకము చివర కదలాడు పెట్టె నొకదానిని చేసెను. అందులో కూర్చున్నవాడు నేల విడువకయే విమానములో నున్నట్లు సాధనము చేయవచ్చును. మొదట దానిని సంతలలో వినోదముగా చూచిరి. 1934లో సైన్యపు పైలట్లు టపా మోయబూని, మబ్బులలో దిక్కు తెలియక పలువురు మరణించిన పిమ్మట సైన్యమే ఆ పెట్టెలను కొనెను. అనంతరము జరిగిన మహాయుద్ధమున లక్షలకొలది పైలట్లు వానిలోనే మొదటి పాఠములు నేర్చిరి.

మన దేశపు తేజస్ యుద్ధవిమానమును గూర్చియు చెప్పెను. దాని నిర్మాణమునకు నాయకత్వము వహించినవారు, పిమ్మట హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరైన కోట హరినారాయణగారు. ఆ విమానము చురుకుగా తిరుగుటకై బుద్ధిపూర్వకముగనే తనంతట తాను నిలువలేనట్లు చేయబడినది. లోపలి కంప్యూటరులే దానిని క్షణక్షణము నిలువబెట్టుచుండవలెను. కావున మొదట నేలపైనున్న సిమ్యులేటరులలో దానిని నడపి చూచిరి. అంతటితో తృప్తిపడక, 1996లో అమెరికాలో వేరొక విమానమునకు తేజస్ స్వభావమును నేర్పి, ఆకాశమున 33 మారులు పరీక్షించిరి. తుదకు 2001 జనవరి 4న తేజస్ స్వయముగా బెంగుళూరిలో నేల విడిచినది. "లెక్కను గాలి ఒప్పుకుందా లేదా అని ప్రతి మెట్టులోనూ అడిగారమ్మా. పాప అడగలేదు, అంతే" అనెను మా యన్న.

రైటు సోదరులును అట్లే యడిగిరట. 1901లో వారి గ్లైడరు పుస్తకములు చెప్పినంత బరువు నెత్తలేదు. వారు పుస్తకమును నమ్మక, తమ సైకిలు దుకాణమున చిన్న గాలిసొరంగమును కట్టి, దాదాపు 200 విధముల రెక్కలను పరీక్షింపగా, అంతవరకు పెద్దలందరు నమ్మిన లెక్కలోని ఒక అంకెయే తప్పని తేలినది. ఆ తప్పు దిద్దుకొన్న రెండేండ్లకు వారు ఎగిరిరి.

సిమ్యులేటరును మితిమీరి నమ్మినందున కలుగు కీడునకును ఆయన ఒక నిదర్శనము చెప్పెను. 2001 నవంబరు 12న న్యూయార్కులో లేచిన ఒక పెద్ద విమానము, ముందు పోయిన విమానము విడిచిన సుడిగాలిలో పడి కొంచెము కుదిపెను. సహాయక పైలటు కాలి పెడలును ఎడమకు కుడికి బలముగా త్రొక్కుచు పోయెను. ఆ దెబ్బలకు తోకపై నిలువు రెక్క విరిగిపోయి, విమానము కూలి, నేలపై నున్న ఐదుగురితో కూడ 265 మంది మరణించిరి. విచారణలో తేలిన కారణములలో ఒకటి యిది: శిక్షణనాటి సిమ్యులేటరులో సుడిగాలిని ఉన్నదానికంటె భయంకరముగా చూపియుండిరి. లేని యాపదకు నేర్చిన చికిత్స నిజమైన విమానమునకు ప్రాణాంతకమైనది. ఈ మాట విన్న పిమ్మట మా వారు లేచి పెరటిలోనికి పోయిరి. చాలసేపటికి గాని రాలేదు.

మరునాడు నే నొక నిశ్చయమునకు వచ్చితిని. పొలము మాట తరువాత. ముందు పిల్లను ఒకసారి నిజమైన విమానమున ఎక్కింతమని మా వారిని ఒప్పించితిని. పట్టుగూళ్ళు అమ్మిన సొమ్ము కొంత యుండెను. నా మనసులోని దురాలోచన దాచను. అక్కడ పిల్ల భయపడవలెను, భయపడి ఈ కోరిక మానుకొనవలెను, మా భూమి మాకు మిగులవలెను, ఇదియే నా యెత్తు.

పొరుగు రాష్ట్రమున డబ్బు చెల్లించిన అరగంట త్రిప్పు శిక్షణవిమాన మొకటి దొరికినది. ముందు ఎడమవైపు పిల్ల, కుడివైపు గురువు, వెనుక నేను. పదునొకండు గంటల యెండ. తలుపు మా యింటి బీరువా తలుపుకంటె పలుచన. పెట్రోలు వాసన, చెవులు చిల్లులుపడు మ్రోత. కంప్యూటరులో ఈ వాసన యెక్కడిది? పరుగు మొదలిడినంతనే ముక్కు ఎడమకు లాగినది. ముందు తిరుగు పంకా బలమునకు అట్లు లాగునట. గురువు కుడికాలితో త్రొక్కి సరిచేసెను. మా యమ్మాయి యింట ఏనాడును కాళ్ళతో పని చేయలేదు. ఆ పనిని కంప్యూటరే చేసిపెట్టెడిది.

పైకి పోయిన పిమ్మట గురువు పిల్ల చేతికి విడిచెను. ఆమె కుడికి తిరుగుటకు చక్రమును త్రిప్పగా, విమానము కుడికి ఒరుగుచునే ముక్కును మాత్రము మొదట ఎడమకు త్రిప్పెను. "కాలు, కాలు" అని గురువు అనుచుండెను. అంతలో క్రింద నల్లని బండగుట్టలు వచ్చినవి. ఎండకు కాగిన బండలపైని గాలి గుప్పున పైకి లేచును. మమ్ముల నొక్కసారి ఎత్తి, మరల దింపివేసెను. నాకు కడుపులో దేవినట్లయినది. కొంత దూరమున ఒక గ్రద్ద ఆ గాలినే నమ్ముకొని, రెక్కలాడింపక, నెమ్మదిగా చుట్లు తిరుగుచు పైకి పోవుచుండెను. నా బిడ్డ మెడవెనుక చెమట కారుచుండుట నాకు కనబడెను. దిగునప్పుడు సయితము, నేల చేరువకు వచ్చిన పిమ్మట విమానము దిగనని మారాము చేసినట్లు కొంతసేపు తేలినది. రెక్కకును నేలకును నడుమ చిక్కిన గాలియే దానిని మోయునట.

తిరుగుప్రయాణమున బాగేపల్లి వరకు పిల్ల నోరు విప్పలేదు. నా యెత్తు పారినదని లోలోపల సంతోషించితిని. అప్పుడామె కిటికీవైపు చూచుచునే యిట్లనెను: "అమ్మా, నాకు భయం వేసింది. కంప్యూటర్లో ఎప్పుడూ భయం వేయలేదు; పడితే మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. నాకు విమానం నడపడం రాదమ్మా. ఏమేమి రాదో ఇవాళ కొంచెం తెలిసింది. నేర్చుకోవాలి."

సోదరీమణులారా, నేను కోరిన భయము కలిగినది. నేను కోరిన ఫలము మాత్రము కలుగలేదు. "వచ్చేసింది" అన్న పిల్లకు మూడెకరములైనను ఇచ్చుటకు నాకు ధైర్యము లేకుండెను. "రాదు, నేర్చుకోవాలి" అన్న పిల్లను చూచిన పిమ్మట, ఈ బిడ్డ ఏదో యొకనాడు నలుగురి ప్రాణములను జాగ్రత్తగా మోయగలదని నాకు మొదటిసారి నమ్మకము కలిగినది. ఆ రాత్రి ఆమె పక్షమున మా వారితో మాటలాడినదానను నేనే.

తుదకు మేము చేసికొన్న యేర్పాటిది. భూమి అమ్మము. లైసెన్సునకు వలసిన వ్రాతపరీక్షలు, అనగా ఆకాశమున దారి కనుగొనుట, వాతావరణము, విమాన నియమములు, యంత్రవిషయము, ఇవి మొదట పిల్ల ఇంటనుండి చదివి గెలువవలెను. గెలిచిన పిమ్మట మూడెకరములు కుదువబెట్టి గంటలు మొదలుపెట్టించెదము. తక్కిన మూడెకరములు ముట్టము. ఇప్పటికి రెండు పరీక్షలైనవి. కంప్యూటరు మూలపడలేదు, జటాయువు ఇప్పుడును ఎగురుచున్నది. కాని ఎగురునప్పుడు పాదములక్రింద చెక్కపెడళ్ళు రెండున్నవి. మా యూరి వడ్రంగిచేత చేయించుకొన్నది.

మా వాకిటి గోడకు ఉష్ణమాపకమొకటి వ్రేలాడుచున్నది. ప్రతిదినము మధ్యాహ్నము పిల్ల దానిని చూచి, ఒక పుస్తకమున వ్రాసికొని, ఆ యెండకు పుట్టపర్తి రన్వే విమానమునకు ఎంత ఎత్తున ఉన్నట్లు తోచునో లెక్కకట్టుచున్నది. ఆడపిల్లకు ఆకాశమెందుకనిన మా అత్తగారు, ఇప్పుడు భోజనమునకు కూర్చుండుటకు ముందు, "ఏమే, ఈ పొద్దు పుట్టపర్తి ఎంత పైకి పోయింది?" అని తప్పక అడుగుచుందురు.